కాటా గుమాస్తా ఎంపికలో మైల ప్రశ్న

1957 జనవరిలో, గానుగలు ముమ్మరంగా తిరుగుతున్న రోజుల్లో, నన్ను చోడవరంలోని ఒక బెల్లం రైతుల సహకార విక్రయ సంఘానికి కార్యదర్శిగా పంపారు. సహకార శాఖలో నేనప్పుడు సీనియర్ ఇన్‌స్పెక్టర్ని. సంఘం సొంతంగా నడక నేర్చేదాకా శాఖ మనిషి ఒకడు అక్కడ కూర్చోవాలి. దీన్ని డెప్యుటేషన్ అంటారు. జీతం సంఘం ఇస్తుంది, చీవాట్లు శాఖ పెడుతుంది.

చేరీ చేరగానే శాఖలో మా పై అధికారి సబ్ రిజిస్ట్రార్ గారి మెమో వచ్చింది. ఖాళీగా ఉన్న కాటా గుమాస్తా ఉద్యోగం నెలాఖరులోగా నియమం ప్రకారం భర్తీ చెయ్యాలని దాని సారాంశం. రైతు తెచ్చిన బెల్లం దిమ్మలు గోడౌనులోకి వెళ్లే ముందు కాటా ఎక్కుతాయి. గుమాస్తా చూసి రాసిందే తూకం. చిన్న ఉద్యోగమే గాని, రోలుగుంట నుంచి బండి తోలుకొచ్చిన రైతుకి జిల్లా కలెక్టరు కన్నా కాటా గుమాస్తాయే పెద్ద. ఈ తూకం దగ్గర వర్తకుల చేతిలో నలిగిపోయినందుకే ఆ రైతులు సంఘం పెట్టుకున్నారు.

అంతకు ముందు ఏడాది సంఘం వాళ్లే ఒక గుమాస్తాని వేసుకున్నారు. అతను ఒక డైరెక్టరుకి బావమరిదని పిటిషను వెళ్లింది, శాఖ ఆ నియామకాన్ని రద్దు చేసింది. ఈసారి కూడా ఎంపిక చెడితే ఈ సీజనుకి సంఘం కాటా మూసేసి, రైతులు వర్తకుల కాటాల మీదే తూయించుకోవాలని మెమో చివర ఉంది. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

నేను విశాఖపట్నం మనిషిని, ముసల్మానుని. ఆ తాలూకాలో నాకు బంధువులంటూ ఎవరూ లేరు. అందుకే నన్ను వేశారట. అయినా సంఘం ప్రెసిడెంటు ఎర్రునాయుడు గారు పరిచయమైన మర్నాడే నన్ను అల్లుడుగారూ అని పిలవడం మొదలుపెట్టారు. ఇదేం వరసండీ అంటే, "ఏదో వొకటుండాల గదండి, ఉత్తినే ఎలాగ పిలస్తాం" అన్నారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో అంతే. కులాలు వేరైనా సరే, ఒకరికొకరు మామ, పెదనాన్న, అప్ప, ఏదో ఒకటి అవుతారు. నాకు అది ముచ్చటగానే అనిపించింది. ముచ్చట ఇంటర్వ్యూ రోజుదాకే.

సెలక్షన్ కమిటీలో ముగ్గురం. ప్రెసిడెంటు గారు, అప్పలసూరి గారనే డైరెక్టరు, కన్వీనరుగా నేను. వారం ముందే ఇద్దరినీ కూర్చోబెట్టి పద్ధతి చెప్పాను. అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నలు. ముందు కాటా మీద పని పరీక్ష, తరవాత నోటి ప్రశ్నలు. ఎవరి మార్కులు వాళ్లు విడిగా వెయ్యాలి. అడగకూడనివి నాలుగు: కులం, ఇంటిపేరు, ఎవరి అబ్బాయివి, పెళ్లయిందా. అభ్యర్థులు నంబర్లతోనే లోపలికి వస్తారు. సహకార సంఘం సర్కారు ఆఫీసు కాదు గనక రాజ్యాంగంలోని సమానావకాశాల నియమం మనకి వర్తించదని వాదించేవాళ్లు శాఖలోనే ఉండేవారు. శాఖ మనిషి కూర్చున్న బల్ల దగ్గర వర్తించినట్టే నడవాలని మా సబ్ రిజిస్ట్రార్ గారి పట్టు. నాదీ అదే పట్టు.

అప్పలసూరి గారు అంతా విని, "ఏటండీ ఇనస్పెట్రు గారూ, మనిషొచ్చి ఎదురుగా కూకుంటే ఎవుడి గుంటడివిరా అని అడక్కపోతే మరింకేటి అడగాలండి?" అన్నారు. పని గురించి అడగాలన్నాను. పని ఎవడైనా నేర్చుకుంటాడు, వంశం నేర్చుకుంటాడా అన్నారు. ఆ సాయంత్రం దాకా ఇదే చర్చ. చివరికి "మీ ఇష్టం, సర్కారోరు" అని తువ్వాలు దులుపుకుని లేచారు.

సంఘం నిబంధనావళిని మేం బైలాలు అంటాం. అందులో ఒక క్లాజు ఈ కథకి ముఖ్యం. డైరెక్టర్ల దగ్గరి బంధువులను జీతం మీద నియమించరాదు. కమిటీలో ఉన్నవాళ్లు అభ్యర్థికి బంధువులైతే ఇంటర్వ్యూలోనే చెప్పి, ఆ మాట మినిట్సులోకి ఎక్కించాలి. అంతవరకు బాగుంది. దగ్గరి బంధువు అంటే ఎవరు అన్నది మాత్రం ఆ బైలాలు రాసిన మహానుభావుడు రాయలేదు.

ఇంటర్వ్యూ రోజున ఏడుగురు వచ్చారు. ఏడుగురితో పాటు వాళ్ల మామలు, చిన్నాన్నలు, ఊరి పెద్దలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. నేను కిటికీ రెక్కలు వేయిస్తే, జనవరి నెలలో, ఉక్కపోస్తోందని ప్రెసిడెంటు గారు తీయించారు. మొదటి కుర్రాడిని తరుగు అంటే ఏమిటని అడిగాను. పచ్చి బెల్లం నిలవుంటే ఆరి బరువు తగ్గడాన్ని తరుగంటారు, ఎంత తగ్గిందో గుమాస్తా లెక్క చూపాలి. అతను ఆలోచిస్తుండగానే కిటికీలోంచి జవాబు వచ్చేసింది. అతనికంటే ముందు ప్రెసిడెంటు గారు బాగుంది బాగుంది అన్నారు. జవాబు చెప్పింది కిటికీయండీ అన్నాను. "ఎవులు సెప్తే ఏటండి, సెప్పింది రైటే గదా" అన్నారు.

ఇంటిపేరు అడగొద్దన్నాను కదా, అది మాత్రం ఇద్దరూ అక్షరాలా పాటించారు. బదులుగా ప్రతివాణ్నీ "మీ ఊర్లో అమ్మోరి పండగ ఎప్పుడు బాబూ" అని అడిగారు. ఆ ప్రాంతంలో ఒక్కో ఊరి పండగ ఒక్కో రోజు. పండగ చెబితే ఊరు తెలుస్తుంది, అక్కడ అమ్మవారి ఘటం ఎవరింటి నుంచి ఎత్తుతారని ఇంకో ప్రశ్న వేస్తే వీధి తెలుస్తుంది, మూడో ప్రశ్నకి తాతగారు బయటపడతారు. నా నాలుగు నిషేధాలూ ఒక్కటి కూడా మీరకుండా కుర్రాడి వంశవృక్షం బల్ల మీద పరిచేసేవారు. అది చదవడం మాత్రం వాళ్లిద్దరికే వచ్చు. బెల్లం గురించి ఇన్ని తెలివైన ప్రశ్నలు వేసి ఉంటే ఆ సంఘం రాష్ట్రంలోనే మొదటిదయ్యేది.

నాలుగో నంబరుగా వచ్చినవాడి పేరు ముత్యాలు. బుచ్చయ్యపేట వైపు పల్లె. అనకాపల్లిలో ఒక వర్తకుడి దగ్గర మూడు సీజన్లు కాటా చూశాడు. తండ్రి అంతకు ముందు వేసవిలో పోతే తల్లి దగ్గర ఉండాలని ఆ పని మానుకుని వచ్చేశాడు. ఈ ఉద్యోగానికి వయసు పరిమితి ఇరవై అయిదు. ఫిబ్రవరితో అతనికి అది దాటిపోతుంది. ఇది దొరక్కపోతే సహకార సంఘాల్లో గాని, సర్కారు కొలువులో గాని ఇక అతను దరఖాస్తు పెట్టుకోడానికే వీల్లేదు. ఇవన్నీ దరఖాస్తులో ఉన్నాయి. నేను అడగలేదు.

పని పరీక్షలో దిమ్మలు ఎక్కించకముందే ఖాళీ కాటా సమంగా నిలుస్తోందో లేదో చూడాలి. నేను కావాలని పళ్లెం కింద చిన్న రాయి పెట్టించాను. ముత్యాలు వంగి చూసి, రాయి తీసి పక్కన పెట్టి, మళ్లీ చూసి, అప్పుడు ఎక్కించాడు. మాటలు తక్కువ. తరుగు లెక్క సరిగ్గా చెప్పాడు. తెలిసిన రైతు రెండు దిమ్మలు తక్కువగా తెచ్చి ఎక్కువ రాయమంటే ఏం చేస్తావని అడిగితే, "రాయనండి. కూకోబెట్టి మంచినీళ్లిస్తానండి" అన్నాడు. నేను మార్కులు వేస్తున్నాను.

అప్పుడు అప్పలసూరి గారు కుర్చీలోంచి లేచి, తువ్వాలు భుజం మీద సర్దుకుని, ఎంతో మర్యాదగా అన్నారు. "రూలు రూలేనండి ఇనస్పెట్రు గారూ. దాసకూడదు. ఈ గుంటడు నాకు కొడుకు వరసండి. దగ్గరోడు. రాసుకోండి." అని, ముత్యాలు వైపు తిరిగి, "ఏరా, నేన్నీకేటవుతాను?" అన్నారు.

ముత్యాలు లేచి నిలబడి చేతులు కట్టుకుని, "పెదనాన్నండి" అన్నాడు.

నాకు ముందు అప్పలసూరి గారి మీద గౌరవం కలిగింది, ఇది దాచకుండా చెబుతున్నాను. శాఖలో నా సర్వీసంతా డైరెక్టర్లు చుట్టరికం దాచడమే చూశాను గాని, లేచి చెప్పినవాణ్ని చూడలేదు. ఆ గౌరవం మధ్యాహ్నం దాకా నిలవలేదు.

భోజనాల వేళ ముత్యాల్ని వరండాలోకి పిలిచి, బంధువైతే దరఖాస్తు పెట్టడం దేనికయ్యా అన్నాను. అతను తల వంచుకుని, బంధువు కాదండి అన్నాడు. మరి లోపల అలా ఎందుకన్నావు అంటే, "ఆరు కొడుకన్నాక నేను కాదని ఎలాగంటానండి. పెద్దోరు. అందరెదటా మాట పోద్ది గదండి" అన్నాడు. ఉద్యోగం పోతుందని తెలుసా అన్నాను. తెలుసండి అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తన కాళ్లు తనే నరుక్కుని, అదీ చేతులు కట్టుకుని వినయంగా నిలబడేవాడిని ఏం చెయ్యాలి?

నేరుగా ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన అరుగు మీద చుట్ట వెలిగించుకుంటున్నారు. ఇద్దరూ నిజంగా బంధువులా అని అడిగాను. "ఎక్కడిదండి, కులమే వేరు" అన్నారు తాపీగా. మరి అప్పలసూరి గారు ఎందుకలా అన్నారంటే, రెండో నంబరు గుంటడికి ఆయన చిన్న పిల్లని ఇద్దామని అనుకుంటున్నారని, తాంబూలాలు ఇంకా పుచ్చుకోలేదని, ముత్యాలు అడ్డు తొలిగితే ఉద్యోగం ఆ కుర్రాడికే వస్తుందని ఆయన లెక్కని విడమరిచి చెప్పారు. కాబోయే అల్లుడు ఈనాటికి అల్లుడు కాడు. బైలాలలో ఏ క్లాజూ అతన్ని తాకదు. ఏమీ కానివాణ్ని బంధువని రాయించి తోసేసి, రేపు అల్లుడు కాబోయేవాణ్ని ఏమీ కాడని రాయించి నిలబెట్టడం. రెండూ నా మినిట్సులోనే, నా దస్తూరీతోనే.

ఈ సంగతి పొద్దున్నే నాకు ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను. నా గొంతు కాస్త పెద్దదే అయి ఉంటుంది. ఆయన పొగ వదిలి, "మీరే గదండి అల్లుడుగారూ, సుట్టరికాలు ఎత్తొద్దన్నారు" అన్నారు.

ఇంటిపేరు అడిగి ఉంటే నిమిషంలో తేలిపోయే సంగతి. అడగకూడదని నియమం పెట్టింది నేను. అయినా ఆ నియమం తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆ రోజు ఒక్కడి కోసం ఆ తలుపు తీస్తే మిగతా ఆరుగురి కులగోత్రాలూ దాంట్లోంచే వస్తాయి. పిటిషను రాసేవాడికి అంతకన్నా ఏం కావాలి. సబ్ రిజిస్ట్రార్ని అడుగుదామంటే జవాబు వచ్చేసరికి ముత్యాలుకి వయసు మీరిపోతుంది.

చివరికి ప్రెసిడెంటు గారినే బతిమాలాను. వరసకీ చుట్టరికానికీ తేడా మీరెలా చెబుతారండీ అంటే, అదేం ప్రశ్న అన్నట్టు చూసి, "మైలండి. సావొస్తే మైల పడితే సుట్టం. పట్టకపోతే ఉత్త వరస" అన్నారు. ఒకే వంశంవాళ్లయితే ఒకరింట్లో చావు జరిగితే ఇంకొకరింట్లో పది రోజులు మైల. శుభకార్యాలు ఉండవు. కొడుకు వరస అంటే వంశంలోవాడనే లెక్క. మా ఇళ్లలో ఆ ఆచారం లేదు గనక నాకు తట్టలేదు. ఆ మాటే మీటింగులో చెప్పండి అన్నాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, అప్పలసూరి గారి పెద్ద కూతుర్ని తన కొడుక్కే చేసుకున్నామని, వియ్యంకుడి మాటని నలుగురిలో కాదనలేనని, అది తప్ప ఏదైనా అడగమని అన్నారు. ఆ ఊళ్లో అంతవరకు నిజం తెలియనివాణ్ని నేనొక్కణ్నే, నిజం చెప్పడానికి వీలున్నవాణ్నీ నేనొక్కణ్నే.

మధ్యాహ్నం కమిటీ మళ్లీ కూర్చుంది. అభ్యర్థులు లేకుండా, కిటికీలు మూయించి. ఈసారి ఉక్క అని ఎవరూ అనలేదు. నేను పెట్టిన నిషేధాలు అభ్యర్థుల్ని అడిగే ప్రశ్నలకే. డైరెక్టర్ని అడగకూడదని ఎక్కడా లేదు. అప్పలసూరి గారూ, మీరు చెప్పిన చుట్టరికం మినిట్సులోకి ఎక్కించాలి, దానికి వివరం కావాలి, గత వేసవిలో ముత్యాలు తండ్రి పోయినప్పుడు మీ ఇంట్లో ఎన్నాళ్లు మైల పట్టారు అని అడిగాను.

ఆయన మొహం ఎర్రబడింది. "ఏటండీ ఆ మాట. సుబమా అని పని సేసుకుంటంటే" అన్నారు. వివరం రాయకపోతే మినిట్సు చెల్లవన్నాను. ఆయన కాసేపు బల్ల మీద వేళ్లతో తట్టి, మొండిగా, "పట్టేం. పట్టాల్సిందేదో పట్టేం. రాసుకోండి" అన్నారు.

నేను కలం సిరాలో ముంచాను. అప్పుడు ఎర్రునాయుడు గారి కుర్చీ చప్పుడైంది.

"ఏటి బావా అన్నావు? మైల పట్టేవా?" అన్నారాయన. గొంతు పెంచలేదు. "ముత్యాలు నాన్న పోయిన మర్నాడే గదా మీ ఇంటికాడ పెళ్లిరాట పాతేం. నేనే దగ్గరుండి పాతించేను. అయితే మైలింట్లోన నా కొడుకు సేత పుస్తి కట్టించేవా?"

ఈ లెక్క నాకు గాని, అప్పలసూరి గారికి గాని అంతవరకు తట్టలేదు. ముత్యాలు బంధువైతే ఆ పెళ్లి మైలలో జరిగినట్టే. ప్రెసిడెంటు గారి కోడలు అప్పుడు నిండు చూలాలని తరవాత తెలిసింది. నియమం కోసం, రైతుల కోసం, ముత్యాలు కోసం నోరు తెరవని పెద్దమనిషి ఇంటి మీదికొచ్చేసరికి తెరిచాడు. నాకు అదైనా చాలు.

అప్పలసూరి గారు వెంటనే చెంపలు వేసుకున్నారు. "అపచారం. మైలేటీ లేదు బావా, నా నోట్లో మట్టి. స్నానం సేసొచ్చేసేను, అంతే. వరసంటే ఉత్త వరసేనండి ఇనస్పెట్రు గారూ, కొట్టెయ్యండి." కొట్టెయ్యనండి, మీ మాటే రాస్తాను అన్నాను. అభ్యర్థితో తనకి రక్త సంబంధం గాని, వివాహ సంబంధం గాని లేదని డైరెక్టరు స్పష్టం చేశారని రాసి సంతకం తీసుకున్నాను. రెండో నంబరు సంగతి నేను ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేకపోయింది. అతను రాయి ఉన్న కాటా మీదే తూచాడు. ముగ్గురి మార్కులూ కూడితే ముత్యాలు మొదటివాడు, అతను మూడోవాడు.

ఇక అయిపోయిందనుకున్నాను. నియామకపు ఉత్తర్వు ఇచ్చేటప్పుడు, డైరెక్టర్లెవరికీ తాను బంధువు కానని ఉద్యోగి సంతకం పెట్టి ఇవ్వాలి. ముత్యాలు ఆ కాగితం రెండుసార్లు చదివి కలం కింద పెట్టేశాడు. అప్పలసూరి గారు తనని నలుగురిలో కొడుకన్నారని, ఇప్పుడు తాను ఏమీ కానని సంతకం పెడితే ఆయన మొహం ఎలా చూడాలని అన్నాడు. నేను బల్ల మీద గుద్దానని గుర్తు. సబ్ రిజిస్ట్రార్ని ఒప్పించవచ్చు, డైరెక్టర్ని నిలదీయవచ్చు, ఇతగాడి మర్యాదని ఎవడు జయించగలడు? రేపటిలోగా సంతకం లేకపోతే మార్కుల్లో రెండోవాణ్ని పిలుస్తానని చెప్పి పంపేశాను. రెండోవాణ్ని పిలవడం నాకిష్టం లేదని నా మొహంలోనే కనిపించి ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే వచ్చి సంతకం పెట్టాడు. రాత్రి అప్పలసూరి గారి ఇంటికే వెళ్లి, పెట్టనా వద్దా అని అడిగాడట. ఆయన ఏమన్నారని అడిగాను. కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, అన్నం పెట్టి, "సంతకం ఎట్టెయ్‌రా. కాగితానికి తెలీదు గదా మన వరసలు" అన్నారట. ఆ పెద్దమనిషి మీద నాకున్న కోపం ఆ మాటతో సగం తగ్గింది, సగం ఇంకా పెరిగింది.

ఆ సీజనులో సంఘం కాటా మూతపడలేదు. పిటిషను ఒకటి వెళ్లింది గాని మినిట్సు చూసి శాఖ దాన్ని పక్కన పడేసింది. ఆ తరవాత నా సర్వీసులో ఎన్నో ఎంపికలు నడిపాను. అభ్యర్థిని ఏం అడగాలో, ఏం అడగకూడదో రాసుకుని వెళ్లడం సులువు. దానికి ముందు బల్లకి మన పక్కన కూర్చున్నవాళ్లని ఏం అడగాలో రాసుకోవాలి. అభ్యర్థులు లోపలికి రాకముందే, వాళ్ల పేర్లు చదివి, ఒక్కొక్క పేరుకీ కమిటీవాళ్ల చేత జవాబు చెప్పించాలి. బంధువా అని అడిగితే ఎవరికి తోచిన జవాబు వాళ్లు చెబుతారు. అందుకని ఇంకొక ఊళ్లో పనిచేసేటప్పుడు, ఈ అభ్యర్థి ఇంట్లో చావు జరిగితే మీరు మైల పడతారా, ఇతనింటికి పిల్లనిచ్చే మాటలేమైనా నడుస్తున్నాయా అని కమిటీ సభ్యుల ప్రశ్నపత్రంలో టైపు కొట్టించాను. ఆడిటు ఇన్‌స్పెక్షనుకి వచ్చిన అధికారి, సర్కారు కాగితం మీద ఉండదగిన మాటలు కావని రెండింటినీ ఎర్రసిరాతో కొట్టేశాడు. కాగితం మీద నుంచి తీసేశాను. నోటితో అడగడం రిటైరయ్యేదాకా మానలేదు.